ఎమ్మెల్సీ గారికి నేను రాసిన సన్మాన పత్రం

నేను పగ పట్టే మనిషిని. ఆరో తరగతిలో నా పెన్ను పాళీ వంచినవాడు ఇరవై ఏళ్ళ తరువాత ఒక పెళ్ళిలో ఎదురై "గుర్తున్నానా?" అంటే, బాగా గుర్తున్నావని చెప్పి వెళ్ళి వేరే బంతిలో కూర్చున్నాను. అలాంటి నన్ను ఒక శాసనమండలి సభ్యుడు మోసం చేశాడు. చేసినవాడు ఊరుకోకుండా సింగపూరు వచ్చి నా చేతే సన్మాన పత్రం రాయించుకున్నాడు.

అప్పట్లో ఐటీ మంచి ఊపు మీద ఉంది. సింగపూరులోని టాంపినీస్ పేటలో మేముండే బ్లాకులో పొద్దున లిఫ్టులో నలుగురు కలిస్తే ఇద్దరు తెలుగువాళ్ళు, ఆ ఇద్దరూ బ్యాంకు సాఫ్ట్‌వేరు వాళ్ళే. అక్కడ మా రాష్ట్రంలో చాలా ఏళ్ళ క్రితం ఎత్తేసిన శాసనమండలిని మళ్ళీ తెచ్చారు. పట్టభద్రుల స్థానానికి ఎన్నికలు వచ్చాయి. డిగ్రీ ఉన్నవాళ్ళే అందులో ఓటర్లు. మా జిల్లా నుంచి నిలబడ్డాయన కాలేజీ లెక్చరరు. నాకు దూరపు పరిచయం, మంచి మాటకారి. ఊళ్ళో ఉన్న నా క్లాస్‌మేట్లందరికీ ఇక్కణ్ణుంచి ఫోన్లు చేసి, పేర్లు ఓటరు జాబితాలో ఎక్కించుకోమని పోరి, ఆయనకే ఓటు వేయమని బతిమాలాను. గెలిచిన రోజు ఆయనే ఫోన్ చేశాడు.

"తమ్మీ, నీ రుణం ఉంచుకోను. సింగపూర్ల మనోళ్ళకు ఏ కష్టమొచ్చినా నాకు చెప్పు. సభల లేపుత" అన్నాడు.

ఆ మాటకు నేను పొంగిపోయాను. మన మనిషి ఒకడు సభలో ఉన్నాడని ఆఫీసులో తమిళులకు కూడా చెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

కష్టం రానే వచ్చింది. మా పక్క ఊరివాడు ఒకతను ఇక్కడ ఓడలు కట్టే యార్డులో పని చేసేవాడు. నాకంటే చిన్నవాడు. ఆదివారం సెలవు నాడు మా ఇంటికి వచ్చి, మా ఆవిడ చేసిన పచ్చి పులుసు తాగి, బాల్కనీలో నిలబడి భార్యకు ఫోన్ చేసుకుని వెళ్ళేవాడు. ఊళ్ళో సైకిళ్ళు బాగుచేసేవాడు. ఇక్కడికి వెల్డరుగా వచ్చాడు. ఇక్కడికి వెల్డరును పంపాలంటే ముందు అక్కడ వెల్డింగు పరీక్ష పాసవ్వాలి. "నా పరీక్ష నేను రాయలేదన్నా. ఏజెంటు ఇంకోన్ని కూసోబెట్టిండు. నేను బయట చాయ్ తాగిన" అని ఒకసారి నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఒకనాడు ఓడ ట్యాంకులో పరంజా మీద నుంచి పడి అతను చనిపోయాడు. ఎత్తు మీద నిలబడి వెల్డింగు చేయడం అతనికి ఎవరూ నేర్పలేదు.

శవం ఊరు చేరిన పది రోజులకు అతని భార్య ఫోన్ చేసింది. ఏడుస్తుందని భయపడ్డాను. ఏడవలేదు.

"అన్నా, ఆయనెట్లాగూ ఇగ రాడు. మా మరిది గూడ అదే ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చిండు. ఇంట్ల ఎవరి మాట ఇంటలేడు. వాన్ని ఆపాలె. ఆ ఏజెంటు దుకాణం బందైతెనే ఆగుతడు. పోలీస్ స్టేషన్ల కాయితం ఇస్తె తీసుకుంటలేరు" అంది.

ఆమెకు కావలసింది అదొక్కటే. మొగుడి చావుకు ఎవరినీ ఉరి తీయమనలేదు. ఆ ఇంటి నుంచి ఇంకొకడు ఆ ట్యాంకుల్లోకి ఎక్కకూడదని అడిగింది. నేను వెంటనే ఎమ్మెల్సీకి ఫోన్ చేశాను. ఆయన "అరె, గింత అన్యాయమా" అని నొచ్చుకుని, ప్రశ్న నన్నే రాసి పంపమన్నాడు. సభలో మంత్రి చేత జవాబు చెప్పించే ప్రశ్న ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి. రాత్రి కూర్చుని రాశాను. ఫలానా ఏజెంటు మీద ఫలానా మహిళ ఇచ్చిన ఫిర్యాదును పోలీసులు నమోదు చేయని మాట నిజమేనా, అయితే ఎందుకు, ఆ ఏజెంటు ఒకరి పరీక్ష ఇంకొకరి చేత రాయించి మనుషుల్ని పంపుతున్న సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చిందా. సంతకం ఆయనది.

ప్రశ్న సభ జాబితాలో అచ్చయింది. దాని బలం ఏమిటో అప్పుడు తెలిసింది. జవాబు తయారు చేసి పంపమని పైనుంచి కాగితం రాగానే, అంతకుముందు ఆమెను గుమ్మంలోనే నిలబెట్టి పంపేసిన ఎస్సై ఆమె ఇంటికే వచ్చి, మంచం మీద కూర్చుని, "అమ్మా, అమ్మా" అంటూ వివరాలు రాసుకున్నాడు. ఏజెంటు దుకాణానికి తాళం పడింది. మరిది పాస్‌పోర్టు వెనక్కి అడుగుతున్నాడని ఆమె ఫోన్‌లో సంతోషంగా చెప్పింది.

ప్రశ్న వచ్చే రోజుకు నేను సెలవు పెట్టి హైదరాబాదు వెళ్ళాను. ఆమెను వెంటబెట్టుకుని, పాసులు తీసుకుని, సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. మాట్లాడకూడదని, కాలు మీద కాలు వేసుకోకూడదని అక్కడి మనిషి చెబితే తల ఊపి, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ కూర్చుంది. కింద సభ్యులు సగం మంది ఉన్నారు. మన మనిషి కుర్చీ ఖాళీగా ఉంది. వస్తాడులే అనుకున్నాను.

అధ్యక్షుడు ప్రశ్న సంఖ్య చదివాడు. సభ్యుడి పేరు పిలిచాడు. తల ఎత్తి చూశాడు. మళ్ళీ పిలిచాడు. "సభ్యులు లేరు. తరువాతి ప్రశ్న" అన్నాడు. అడగవలసినవాడు లేచి నిలబడి అడగకపోతే ఆ ప్రశ్నకు మంత్రి నోరు విప్పనక్కర్లేదు. జవాబు కాగితం బల్ల మీద పెట్టేస్తారు. పరిశీలనలో ఉంది అని అందులో రాసి ఉంటుంది. నేను రాసినదంతా అర నిమిషంలో గాలికి పోయింది.

"మనది ఎప్పుడన్నా?" అని ఆమె నా చెవిలో అడిగింది. అయిపోయిందని ఆమెకు తెలియలేదు. నేను చెప్పలేక, మంచినీళ్ళు తాగుదామని బయటికి తీసుకొచ్చాను.

మన మనిషి గేటు దగ్గర ఉన్నాడు. తెల్లకారు పక్కన నిలబడి, కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. పక్కన బంగారు గొలుసు మనిషి ఒకడు ఆయనకు కిళ్ళీ అందిస్తున్నాడు. ఆ మనిషిని చూసి ఆమె ఠక్కున ఆగిపోయింది. ఏజెంటు. నన్ను చూడగానే ఎమ్మెల్సీ నవ్వు ఆపకుండానే చేతులు జోడించాడు.

"అయ్యో తమ్మీ, ట్రాఫిక్ల ఇరుక్కున్న. ఏం ఫికరు లేదు, మళ్ళ ఏద్దాం" అన్నాడు. ఆమె వైపు తిరిగి "మంచిగున్నవా చెల్లె?" అని కూడా అడిగాడు.

అక్కడే గల్లా పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. ఆమె మాత్రం ఏజెంటు ముఖంలోకి కాసేపు అలాగే చూసి, కొంగు సవరించుకుని బస్టాపు వైపు నడిచింది. ఆ వారంలోనే దుకాణం తాళం తీశారు. ఎస్సై మళ్ళీ ఆ వీధి వైపు రాలేదు.

సింగపూరు తిరిగి వచ్చాక నాకు అన్నం సహించేది కాదు. కోడు రాస్తుంటే ఆ కిళ్ళీ నోరు కనబడేది. ఆయన్ని ఎలా దెబ్బ కొట్టాలా అని ట్రైనులో నిలబడి ఆలోచించేవాణ్ణి, దిగవలసిన స్టేషన్ దాటిపోయేవాణ్ణి. పత్రికలకు రాశాను, వేయలేదు. ఆయనకే ఒక ఉత్తరం రాశాను, బండబూతులు వచ్చాయి, చింపేశాను. అలా కొన్ని నెలలు పళ్ళు నూరుకుంటూ గడిచాక ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం అధ్యక్షుడు ఫోన్ చేశాడు. గోదావరి జిల్లా మనిషి, పెద్దాయన, ఎవరి మీదా చెడు అనుకోని రకం.

"ఐటీ పెట్టుబడుల కోసం మన ప్రభుత్వం వారి బృందం వస్తోందండీ. అందులో మీ జిల్లా ఎమ్మెల్సీ గారు కూడా ఉన్నారంట. ఆయన్ని మనం సత్కరించుకోవాలి కదండీ. సన్మాన పత్రం మాత్రం మీరే రాయాలి. ఆ గ్రాంథికం మీకే వచ్చు" అన్నాడు.

"తప్పకుండా అంకుల్" అన్నాను. నా గొంతులో తేనె కారింది. ఫోన్ పెట్టేశాక నవ్వుకున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "ఆ నవ్వు నాకు నచ్చట్లేదు" అంది.

సన్మాన పత్రం సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. బంగారు అంచు కాగితం మీద అచ్చు వేయించి, అద్దం కట్టించి, శాలువా కప్పిన తరువాత రాసినవాడే నిలబడి పెద్ద గొంతుతో చదువుతాడు. పేరా పేరాకు ఒక సంబోధన ఉంటుంది. ఆ కాగితాన్ని ముందుగా ఎవరూ చదవరు. రాసినవాడి మీద అంత నమ్మకం. అబద్ధం ఒక్కటి కూడా లేకుండా, ఉన్నదున్నట్టు, ఆయన శాసనసేవనంతా ఆయన ముఖం మీదే చదివేయాలని నిశ్చయించుకున్నాను.

దానికి రుజువులు కావాలి. హైదరాబాదులో ఉన్న స్నేహితుణ్ణి మండలి గ్రంథాలయానికి తోలి, అచ్చయిన సభా నివేదికల్లో ఈయన పేరున్న ప్రతి పుటా జిరాక్సు తీయించాను. కట్ట వచ్చాక రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే నేల మీద పరుచుకుని కూర్చునేవాణ్ణి. వేసిన ప్రశ్నలు కుప్పలు. నిలబడి అడిగినవి ఒక చేతి వేళ్ళకు సరిపోతాయి. గనుల మీద ప్రశ్న వేస్తాడు, గనుల వాడు కలుస్తాడు, ఆ రోజు సభ్యులు లేరు. ప్రైవేటు కాలేజీల మీద వేస్తాడు, మళ్ళీ సభ్యులు లేరు. ప్రశ్న వేయడమే ఆయన పని, అడగకపోవడమే ఆయన వ్యాపారం. అది కనిపెట్టిన సాయంత్రం నేను గంతులేసినంత పని చేశాను.

ఆ రోజుల్లోనే ఊరి నుంచి ఆమె ఫోన్ చేసింది. మొదటిసారి మా ఆవిడ ఎత్తి నాకిచ్చింది. "చెల్లె, నీ పని మీదనే ఉన్న. వాని బతుకు బజార్ల పెడుతున్న చూడు. అయినంక నేనే చేస్త" అని పెట్టేశాను. ఆమె ఏం చెప్పబోయిందో అడగలేదు. వారం తరువాత మళ్ళీ చేస్తే లేనని చెప్పించాను. అప్పుడు నేను సంబోధనల దగ్గర ఉన్నాను.

"ఇంత శ్రద్ధ ఆఫీసు పని మీద పెడితే ఈపాటికి మేనేజరు అయ్యేవారు" అంది మా ఆవిడ.

"డాడీ, ఆ అంకుల్ బ్యాడ్ అయితే డోంట్ గో లా" అంది మా అమ్మాయి, ఇక్కడి పిల్లల మాదిరి మాట చివర 'లా' తగిలించి. దానికి పదేళ్ళు.

సభ ఆదివారం మధ్యాహ్నం. కమ్యూనిటీ క్లబ్బు హాలు. ముందు వరసల్లో మావాళ్ళు పట్టుచీరలతో, కండువాలతో కూర్చున్నారు. హాలు నిండుగా కనబడాలని అధ్యక్షుడు కార్మికుల హాస్టళ్ళ నుంచి బస్సు పెట్టించి మనవాళ్ళను పిలిపించాడు. వాళ్ళు వెనక కూర్చున్నారు. ఎమ్మెల్సీ ఇంకా లావయ్యాడు. నన్ను చూసి వేదిక మీద నుంచే "తమ్మీ!" అని చేతులు చాచాడు. గేటు దగ్గరి సంగతి ఆయనకు గుర్తున్నట్టే లేదు. శాలువా కప్పారు, బత్తాయిల బుట్ట ఇచ్చారు. నేను మైకు ముందుకు వెళ్ళాను.

"ప్రశ్నల పాలవెల్లీ! తమరు సభకు సమర్పించిన ప్రశ్నలు కోకొల్లలు. వాటిని అడగవలసిన వేళ తమరు సభలో లేకపోవడం తమ నిరాడంబరతకు నిదర్శనం" అని చదివాను. చప్పట్లు.

నేను ఆగి చూశాను. ముందు వరసలో అందరూ చిరునవ్వుతో ఉన్నారు. ఒకావిడ పక్కావిడ నెక్లెసు చూస్తూ చప్పట్లు కొడుతోంది.

"మౌనభూషణా! మండలి వారు అచ్చు వేసిన నివేదికల్లో తమ నామధేయం పక్కన 'సభ్యులు లేరు' అన్న మాట పుట పుటనా ప్రకాశిస్తున్నది. గనుల యజమానులు, కళాశాలల యజమానులు ఆ మౌనానికి సదా కృతజ్ఞులు." మళ్ళీ చప్పట్లు. ఫొటోల వాడు ఎమ్మెల్సీని కొంచెం గడ్డం ఎత్తమన్నాడు. ఆయన ఎత్తాడు.

పప్పులో కాలు వేశానని అప్పుడు అర్థమైంది. ఎన్నో సన్మానాలు చూసినవాణ్ణి, ఇంత చిన్న సంగతి మరిచిపోయాను. సన్మాన పత్రాన్ని ఎవరూ వినరు. గొంతు పైకి వెళ్ళి కిందికి దిగితే చప్పట్లు కొడతారు, అంతే. కోపంతో గొంతు ఇంకా పెంచాను.

"కార్మిక బాంధవా! వెల్డింగు పరీక్షకు ఎన్నడూ కూర్చోని ఒక మనిషి, ఏజెంటు చేసిన మోసంతో ఈ దేశం వచ్చి, ఓడ ట్యాంకులో పడి మరణిస్తే, అతని భార్య తమ ప్రశ్న వినడానికి గ్యాలరీలో కూర్చున్నది. ఆ సమయాన తమరు అదే ఏజెంటు చేతి కిళ్ళీ నములుతూ గేటు దగ్గర నవ్వుతూ ఉండిరి!"

దానికీ చప్పట్లు కొట్టారు. అన్నిటికంటే గట్టిగా కొట్టారు. వెనక వరసల వాళ్ళు మాత్రం కొట్టలేదు.

ఎమ్మెల్సీ విన్నాడు. కిళ్ళీ అన్న మాట దగ్గర ఆయన తల నా వైపు తిరిగింది. ముఖం మాడిపోయింది. ఆ ముఖం నేను చూశాను, ఇప్పటికీ తలుచుకుంటే నాకు హాయిగా ఉంటుంది, దాచుకోను. కానీ అది ఒక్క క్షణం. అద్దం కట్టిన పత్రం చేతిలో పెడుతున్నప్పుడు నన్ను దగ్గరికి లాక్కుని కౌగిలించుకుని, చెవిలో అన్నాడు.

"మంచిగ రాసినవ్ తమ్మీ. నా హాల్ల పెడత. ఎవడు చదువుతడు?"

మళ్ళీ చప్పట్లు. వేదిక దిగాను. ఒళ్ళంతా మండిపోతోంది. భోజనాల దగ్గర అధ్యక్షుడు ఎదురై "అద్భుతమండీ, ఆ పదాల పొందిక!" అన్నాడు. ఆయన్ని తప్పించుకుని వెనక్కి వెళ్ళాను. వెనక వరసల్లోంచి ఒకతను లేచి నా దగ్గరికి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. కొత్త చొక్కా మడతలు ఇంకా విడలేదు.

"మీరు చదివింది మా అన్న ముచ్చటే గదా?" అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. ఆమె మరిది.

"ఎప్పుడొచ్చినవ్?"

"పదిహేను రోజులయ్యింది."

"ఎవరు పంపిండ్రు?"

"మా దిక్కు ఇంకెవరున్నరు? ఆ ఏజెంటే" అన్నాడు. తల దించుకుని, "పరీక్ష నేను రాయలె. రోజూ పరంజా ఎక్కుతుంటె కాళ్ళు వణుకుతున్నయి. ఎవరికి చెప్పాల్నో తెల్వదు" అన్నాడు.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టాను. అతనితో యార్డుకు వెళ్ళాను. సూపర్‌వైజరు ఇక్కడే పుట్టి పెరిగిన తమిళాయన. ఈ మనిషి అన్న ఇలాంటి పనిలోనే పడి పోయాడని, ఇతనికి ఎత్తు అంటే భయమని, కింద ఏ పనైనా ఇప్పించమని ఇంగ్లీషులో చెప్పాను. సంబోధనలు ఏమీ లేవు. ఆయన టోపీ తీసి తల గోక్కుని, "వై నెవర్ టెల్ ఎర్లియర్ లా? ఐ కెన్ చేంజ్" అని అప్పటికప్పుడే స్టోరులో వేశాడు. గేటులో రాయించుకుని లోపలికి వెళ్ళి బయటికి రావడానికి మొత్తం అరగంట పట్టింది.

సాయంత్రం ఊరికి ఫోన్ చేశాను. ఎమ్మెల్సీ ముఖం ఎలా మాడిందో ఆమెకు చెప్పాలని ఉంది. అంత కసిలోనూ అది చెప్పి ఆమెతో శభాష్ అనిపించుకోవాలన్న ఆశ నాలో ఉందని సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను. పత్రంలో మొదటి సంబోధన నుంచి మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపింది.

"అది సరే అన్నా. మా మరిది నీకు కలిసిండా?"

"కలిసిండు. కింద పనిల పెట్టించిన. ఇగ పైకి ఎక్కడు."



"గా రెండుసార్లు ఫోన్ చేసింది గందుకేనన్నా" అంది. "వాడు విమానం ఎక్కుతుండు, దిగంగనె జర కింద పనిల పెట్టియ్యుమని."